తాయారత్త వండిన మనిషి

నమోదు 211

పరికరాల పరీక్షకురాలు ప్రతిరోజూ నమోదు రాయాలని వెన్నెలపాడులో రూలు. దాన్ని ఎవరైనా చదవాలని మాత్రం రూలు లేదు. అందుకే నేను ఇందులో నిశ్చింతగా నిజాలు రాస్తుంటాను.

పొద్దున్న తూర్పు సొరంగంలో గాలి మీటర్లు చూశాను. రెండు బాగున్నాయి. ఒకటి అబద్ధాలాడుతోంది, విప్పి తెచ్చాను. తర్వాత చేపల తొట్టిలో నీళ్ల వేడి చూశాను. మధ్యాహ్నం వంటశాలకు వెళ్లి కప్పుకు అతుక్కున్న ఆవాలు గీకాను. ఈ చివరిది నా ఉద్యోగం కాదు, మేనకోడలి చాకిరీ. చందమామ మీద పోపు పెడితే చిటపటలాడిన ఆవగింజ బాణలిలో ఉండదు. ఎగిరి కప్పు జిడ్డులో అతుక్కుంటుంది, లేదా తీరిగ్గా వెళ్లి ఎవరి జుట్టులోనో దిగుతుంది. మా మేనత్త మంగతాయారు ముప్పై ఏళ్లుగా ఈ ఊరికి వండుతోంది, ముప్పై ఏళ్లుగా ఈ ఆవాల గురించి సణుగుతోంది.

"భూమ్మీద పోపంటే బాణలిలోనే ఉండేదే భ్రమరా. ఇక్కడ పోపు ఊరంతా షికారు కొట్టొస్తంది," అంది ఇవాళ కూడా.

సాయంత్రం పలక ఫలితాలు గోడ మీద వేశారు. పలక అంటే మా డాక్టర్ ఉదయభాస్కర్ గారు భూమి నుంచి తెప్పించిన కొత్త యంత్రం. వట్టి పాదాలతో దాని మీద నిలబడితే చిన్న కరెంటు ఒక కాలు గుండా ఎక్కి ఇంకో కాలు గుండా దిగుతుంది. నీరూ కండా ఉంటే సులువుగా పోతుంది, కొవ్వుంటే అడ్డుపడుతుంది. ఆ అడ్డును బట్టి ఒంట్లో కొవ్వు నూటికి ఎంతో చెబుతుంది. నలభై దాటితే పేరు పక్కన 'కండ చాలదు' అని ఎర్రముద్ర. ముద్ర పడినవాళ్లు ఆరు నెలలు చక్రంలో ఉండాలి.

చక్రం మా ఊరి కింద గిర్రున తిరిగే గుండ్రటి ఇల్లు. అది తిరిగే వేగానికి లోపలివాళ్లకు భూమ్మీద ఉన్నంత బరువొస్తుంది, నడుస్తుంటే కండ పడుతుంది. అంతవరకు మంచిదే. కానీ రోగులుండే చోట పొయ్యి వెలిగించకూడదని డాక్టరుగారే ఒక రూలు రాశారు. లోపల ఆరు నెలలూ ట్యూబు నొక్కుకుని పేస్టు తినాలి.

తాయారత్తకు నలభై ఆరు వచ్చింది.

ఆవిడ వెళితే వంటశాలకు తాళం వేసి ఊరికంతటికీ పేస్టు యంత్రం బిగిస్తారట. యంత్రం పోయిన నెలే దిగింది, గోదాంలో అట్టపెట్టెలో ఉంది. ఒకసారి పడిన తాళం మళ్లీ తీయరని అందరికీ తెలుసు. అమ్మానాన్నా గనిలో పోయాక నన్ను ఆ వంటశాలలోనే, పప్పు బస్తాల మధ్య కూర్చోబెట్టి పెంచింది అత్త. నాకు కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది.

నమోదు 212

డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాడు. అంకె కనబడితే చాలు, దాని వెనకాల నిలబడ్డ మనిషి కనబడడు, అంతే. పొట్ట బాగానే ఉంది ఆయనకు, కంది పొడీ నెయ్యీ కలిపి పెడితే మారు అడుగుతారు. పలక మాత్రం ఆయన కొవ్వు పద్దెనిమిది అని చెప్పింది. ఆ కాగితాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నారు.

"కొలతలో పొరపాటు లేదు భ్రమరాంబా. మీ అత్తగారిని మూడుసార్లు నిలబెట్టాను. మూడుసార్లూ నలభై ఆరే," అన్నారు.

"తూర్పు సొరంగంలో మీటరు కూడా రోజూ ఒకే అంకె చూపించిందండీ. అది చెడిపోయి అలా చూపించింది."

"అంటే?"

"ఒకే మాట మీద నిలబడటం వేరు, నిజం చెప్పడం వేరు అంటున్నానండీ. దేనితో పోల్చి చూసి ఇది సరైందన్నారు?"

ఆయన బూటు కాలు నేలకేసి కొట్టారు. ఊళ్లో అందరం సీసం అడుగుల బూట్లే వేసుకుంటాం, లేకపోతే అడుగుకో గెంతు పడుతుంది. డాక్టరుగారు మాత్రం నిద్రలో కూడా విప్పరని వదంతి.

"పౌర్ణమికి మనుషుల్ని ఎక్కించడానికి చక్రం ఆపుతాం. ఆ లోపు తప్పని రుజువు చేస్తే ముద్ర తీసేస్తాను. లేకపోతే ఆవిడ ఎక్కాల్సిందే," అన్నారు.

నమోదు 214

వేరే పద్ధతుల్లో కొలిచి చూద్దామనుకున్నాను. నా బుద్ధి గడ్డితిన్నది.

మొదట పటకారు. చర్మాన్ని మడతపెట్టి పట్టుకుని ఆ మడత మందాన్ని బట్టి కొవ్వు లెక్కకడతారు. నడుం దగ్గర పట్టుకోగానే అత్తకు చక్కిలిగింత పుట్టి నా వీపు మీద ఒక్కటిచ్చింది. మూడో ప్రయత్నానికి ఇరవై తొమ్మిది వచ్చింది. అప్పటికీ అత్త మెలికలు తిరుగుతూనే ఉంది కాబట్టి ఆ అంకెను నేనే నమ్మను.

తర్వాత నీళ్ల తూకం. కండ మునుగుతుంది, కొవ్వు తేలుతుంది. మనిషిని నీళ్లలో ముంచి తూస్తే దేని పాలు ఎంతో తెలుస్తుంది. ఊళ్లో మనిషి మునిగేంత నీళ్లు చేపల తొట్టిలోనే ఉన్నాయి. దాన్ని చూసుకునే యాకూబ్ ఒక కుర్చీని తూకం కొక్కేనికి వేలాడదీశాడు. అత్త చీర కుచ్చిళ్లు దోపుకుని, చేపలను ఒకసారి అదిలించి, కూర్చుంది.

"ఊపిరి మొత్తం వదిలెయ్యాలత్తా. ఛాతీలో గాలుంటే బెండులా తేలతావు, అదంతా కొవ్వు కింద లెక్కపడుతుంది."

"అలాగేనే," అంది. గుండెల నిండా గాలి పీల్చుకుని, ముక్కు మూసుకుని, బుడుంగున మునిగింది.

అరవై ఒకటి.

"వదలమన్నానుగా!"

"నీళ్లల్లోకెళ్తా గాలొదిలేసుకుంటారేంటే ఎవరన్నా? నన్ను సంపుదావనా ఏంటే?"

యాకూబ్ తొట్టి గట్టు పట్టుకుని నవ్వాడు. "ఒక మనిషికి మూడు అంకెలేందక్కా? వీటిల్లో ఏది నిజమో ఎట్ట తెలుస్తది?"

"లోపల ఎంత కొవ్వుందో ముందే తెలిసిన మనిషి దొరకాలి. ఆ మనిషిని మూడింటి మీదా పెడితే ఏది అబద్ధమాడుతోందో తెలిసిపోతుంది."

"ముందే తెలియాలంటే కోసి చూడాలిగా?"

అత్త చీర కొంగు పిండుకుంటూ మా ఇద్దరినీ వెర్రివాళ్లను చూసినట్టు చూసింది. "కొయ్యడవెందుకురా? ఏవేం వెయ్యాలో సెప్పండి. వండేద్దాం."

నమోదు 217

మనిషిని వండుతున్నాం.

కొవ్వుకు నెయ్యి. కండకు ఉడికించి రుబ్బిన పెసరపప్పు ముద్ద. ఎముకలకు సున్నపురాయి. రక్తానికి నీళ్లూ, నేను తూచి ఇచ్చిన కాస్త ఉప్పూ. అన్నీ కొలిచి వేశాం, నూటికి ముప్పై పాళ్లు నెయ్యి. దానికి ఊరి నెల కోటా అంతా అయిపోయింది. అత్త డబ్బా అడుగు గరిటెతో గీకి వేసి, "ఇది తేడా వస్తే ఊరోళ్లు నన్ను చక్రందాకా కూడా పోనివ్వరు," అంది. నవ్వుతూనే అంది కానీ గరిటె రెండుసార్లు జారింది చేతిలోంచి.

యాకూబ్ పాత అంతరిక్ష దుస్తుల లోపలి రబ్బరు పొరతో చర్మం కుట్టాడు. ఎనిమిదేళ్ల పిల్లాడంత మనిషి తయారయ్యాడు. పలక మీద నిలబడాలి కాబట్టి అరికాళ్లు మాత్రం తెరిచి ఉంచాం. పేరు లేకపోతే పలక పని చేయదు. పిండిరాజు అని పెట్టాం. పెసరపప్పు వాసన తప్ప మనిషిలో ఇంకే లోపమూ లేదు. మీసం ఉండాలని యాకూబ్ పట్టుబడితే వంకాయ తొక్కతో పెట్టాం.

నమోదు 218

ముందు నీళ్ల తూకం. అరికాళ్లకు సంచులు కట్టి ముంచాం. పిండిరాజుకు ఊపిరితిత్తులు లేవు, ఎదురు మాట్లాడే నోరూ లేదు. ఇంత బుద్ధిమంతుణ్ణి నేను తూచలేదు. ఇరవై ఎనిమిది వచ్చింది. వేసింది ముప్పై. రెండే తేడా!

పటకారు పెడితే నెయ్యి పక్కకు జారిపోయింది. పటకారును పెట్టెలో పెట్టేశాను.

తర్వాత పలక. పిండిరాజును చంకలో పెట్టుకుని అత్త, యాకూబ్, నేను వైద్యశాలకు ఊరేగింపుగా వెళ్లాం. డాక్టరుగారి ఎదురుగానే నిలబెట్టాం. పలక కాసేపు ఆలోచించి నాలుగు అంది. నూటికి నాలుగు! వెంటనే గోడ మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. "పిండిరాజు. దేహస్థితి అత్యుత్తమం. గని పనికి తగినవాడు. రేపు మొదటి జట్టులో హాజరు కావలెను."

నేను గెలిచానని ఎగిరి గంతేశాను. చందమామ మీద ఎగిరి గంతెయ్యడం మంచిది కాదు, కప్పు తగిలి నెత్తి బొప్పి కట్టింది.

డాక్టరుగారు మాత్రం వంగి పిండిరాజు పాదాన్ని వేలితో తాకి, ఆ వేలు నాలుకకు రాసుకున్నారు. ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"ఇది మనిషా, ఊరగాయా? ఎంత ఉప్పు వేశారు?"

నేను అత్త వైపు తిరిగాను. "నేనిచ్చింది చిటికెడేగా?"

"ఆ చిటికెడుతో ఎన్నాళ్లుంటాడే? పౌర్ణమిదాకా నిలవుండాలా వద్దా?" అంది అత్త. "ఆవకాయకి పోసినట్టు పోశాను. బూజు పట్టిపోతే మళ్లీ నెయ్యెవరిస్తారు?"

నీళ్ల తూకంలో ఆ రెండు తేడా ఎక్కడిదో అప్పుడు తెలిసింది. ఉప్పు బరువుది. ఊరి నెయ్యి అంతా పోసి చేసిన రుజువును మా అత్త ఊరబెట్టేసింది.

"ఈ పరీక్ష చెల్లదు. ఉప్పు తగిలితే కరెంటు సులువుగా పోతుంది. పలక దాన్ని కండ అనుకుంది," అన్నారు డాక్టరుగారు, జాలిగానే.

వెనక్కి వచ్చాక అత్త వంటశాల గుమ్మం బయట బూట్లు విడిచి, వట్టి పాదాలతో లోపలికి వెళ్లి, గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. ఊళ్లో వంటింట్లోకి బూట్లతో వెళ్లని మనిషి ఆవిడొక్కతే. ఆవిడ అరికాళ్లు చూశాను. ముప్పై ఏళ్లు ఎండిన నేల మీద తిరిగి గట్టిగా, పొడిగా, బీటలు వారి ఉన్నాయి.

అక్కడే నిలబడిపోయాను. ఉప్పు తగిలితే పలక కండ అనుకుంటుందన్నారు కదా ఆయన!

నమోదు 219

పొద్దున్నే యాకూబ్‌ను వెంటబెట్టుకుని వైద్యశాలకు వెళ్లాను. ఒక చెంబు వేడినీళ్లు, తువ్వాలు, సున్నిపిండి పట్టుకెళ్లాను.

"డాక్టరుగారూ, ఉప్పూ చెమ్మా ఉంటే పలక మోసపోతుందన్నారు. ఆ మాట మీద ఉంటారా?"

"ఉంటాను."

"అయితే మీ బూట్లు ఒకసారి విప్పండి."

ఆయనకు అప్పటికీ అర్థం కాలేదు. విప్పారు. ఆ గదిలో ఏం జరిగిందో నమోదులో రాయడం మర్యాద కాదు. యాకూబ్ మాత్రం గాలి మీటరు తెమ్మంటావా అక్కా అని అడిగాడు. రోజంతా, రాత్రంతా సీసం బూట్లలో నాని, చెమట ఉప్పుతో తెల్లబారిన పాదాలవి. కడిగించి, తుడిపించి, సున్నిపిండి అద్ది పలక ఎక్కించాను.

ముప్పై తొమ్మిది.

డాక్టరుగారు దిగి, మళ్లీ ఎక్కారు. మళ్లీ దిగి, కాళ్లు ఇంకోసారి తుడుచుకుని ఎక్కారు. నలభై అయింది. గోడ మీద అద్దం కట్టించిన పద్దెనిమిదిని చూశారు. పాపం, నవ్వకూడదనుకున్నాను. చేతకాలేదు.

"ఇది ఒంటిని కొలవడం లేదండీ, అరికాళ్లను కొలుస్తోంది. బూట్లలో ఊరినవాళ్లకు కండ ఇస్తోంది, మా అత్తలా వట్టి పాదాలతో తిరిగేవాళ్లకు కొవ్వు ఇస్తోంది."

ఆయన అద్దం కట్టించిన ఆ కాగితాన్ని గోడ మీంచి తీసి బల్ల మీద బోర్లించారు. తర్వాత చెప్పిన మాటకు మాత్రం ఆయన మీద నాకు గౌరవం కలిగింది. "పిండిరాజు విషయంలో నిజానికి దగ్గరగా వచ్చింది నీళ్ల తూకం ఒక్కటే కదా? అయితే అందరినీ దాంతోనే తూచండి. ముందు నన్నే ముంచండి."

గోడ మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. పిండిరాజు మొదటి జట్టుకు రాలేదట. సంజాయిషీ అడుగుతోంది.

నమోదు 221

రెండు రోజులుగా ఊరంతా చేపల తొట్టిలో మునుగుతోంది. చేపలు మూలకు చేరి బితుకుబితుకుమంటున్నాయి. నాది ముప్పై ఎనిమిది, ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం. డాక్టరుగారిది నలభై మూడు.

చివరికి అత్త వంతు. ఊపిరి వదిలించడం ఎలాగో తెలియక తల పట్టుకున్నాను. నాలుగుసార్లు చెప్పాను, నాలుగుసార్లూ నిండు కుండలా మునిగింది. అప్పుడు నాకో ఉపాయం తట్టింది.

"అత్తా, డాక్టరుగారు అక్కడ నిలబడ్డారు. ఆయన నీ వంటశాలకు తాళం వేస్తానన్నారు. ఒక్క ఊపిరిలో ఎంత తిట్టగలవో తిట్టు. మధ్యలో గాలి పీలిస్తే ఒప్పుకోను."

అత్త డాక్టరుగారి వైపు చూసింది. "ఏవనుకోకండి డాక్టరుగారండీ," అని మొదలుపెట్టింది. ఆ తర్వాత అందుకున్నది ఆగలేదు. మెతుకు విలువ తెలియని సచ్చినోడా దగ్గర బయలుదేరి, కంది పొడి అడిగి వేయించుకున్న నాలిక్కి పేస్టు రాసుకోరా నాయనా దాకా వచ్చి, పేస్టు యంత్రాన్ని కనిపెట్టినవాడి వంశం మొత్తాన్ని పలకరించి, గొంతు కీచుమని, ఇంక పెదాలు మాత్రమే ఆడుతుండగా యాకూబ్ కుర్చీని దించాడు. ఒక్క బుడగ కూడా రాలేదు. ఇంత స్వచ్ఛమైన తూకం ఈ ఊళ్లో ఎవరిదీ లేదు.

నలభై ఒకటి.

తూకం ముల్లును రెండోసారి చూశాను, మూడోసారి చూశాను. యాకూబ్ తల దించుకున్నాడు. హద్దు నలభై. పలక తప్పు, నేను ఒప్పు, అయినా మా అత్త ఒక్క అంకె ఎక్కువే. వంటింట్లో బూట్లు వేసుకోకుండా ముప్పై ఏళ్లు గాల్లో తేలుతూ తిరిగింది కదా, కాళ్లలో కండ నిజంగానే కరిగిపోయింది. నేనే పట్టుబట్టి తెచ్చిన నిజం ఇది. రాయకుండా ఉంటే ఎవరికీ తెలియదు.

"ఎంతే?" అంది అత్త నీళ్లలోంచి తల ఎత్తి.

అబద్ధం చెప్పాలనిపించింది. చాలా గట్టిగా అనిపించింది. "నలభై ఒకటి అత్తా," అన్నాను. ఏడుపొచ్చింది.

ఆవిడ ముఖం తుడుచుకుంది. "దానికేడుపెందుకే? కొలిచింది నువ్వేగా. నువ్వు కొలిస్తే సరిగ్గానే ఉంటది."

నమోదు 222

ఎర్రముద్ర ఊళ్లో ఇద్దరికి. తాయారత్తకు నలభై ఒకటికి, డాక్టర్ ఉదయభాస్కర్ గారికి నలభై మూడుకి. రూలులో మినహాయింపులు లేవని ఆయన చేత్తోనే రాసి ఉంది, కింద సంతకం కూడా చాలా అందంగా చేశారు.

మధ్యాహ్నం ఆయన వంటశాల గుమ్మం దగ్గరికి వచ్చారు. బూట్లు బయట విడిచారు. కాళ్లు కడుక్కునే వచ్చారని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

"తాయారమ్మగారూ, చక్రంలో ఆరు నెలలు పేస్టేనట," అన్నారు, ఆ రూలు ఎవరో పరాయివాళ్లు రాసినట్టు.

"ఆయ్. రుచి చూశారేంటండీ ఎప్పుడైనా?"

"ఇవాళ పొద్దున్న చూశాను," అన్నారు. ఆయన ముఖంలో అంత దిగులు నేను ఎప్పుడూ చూడలేదు.

అత్త ఆయన ముందు కంచం పెట్టింది. నెయ్యి లేని కంది పొడి అన్నం. నెయ్యి అంతా పిండిరాజులో ఉంది మరి. ఆయన రెండు ముద్దలు తిని ఆగారు.

"భ్రమరాంబా, చక్రంలో భూమ్మీదంత బరువుంటుంది కదా? అక్కడ వట్టి పాదాలతో తిరిగినా కండ పడుతుంది కదా?"

"పడుతుందండీ."

"అలాంటప్పుడు పొయ్యి అక్కడ ఎందుకు ఉండకూడదు?"

"రోగులుండే చోట పొయ్యి వెలిగించకూడదని మీరే..."

"ఆ రూలు రాసినవాడికి ఉప్పుకూ కండకూ తేడా తెలియదు," అన్నారు డాక్టరుగారు, మూడో ముద్ద కలుపుకుంటూ. "అంతటితో ఎందుకు ఆపాలి? వంటశాల మొత్తం చక్రంలోకే మార్చేద్దాం. ఊరివాళ్లు తినాలంటే పూటపూటా దిగి రావాలి. బరువుతో నడుస్తారు. వచ్చే ఏడు ముద్రే పడదు ఎవరికీ."

"పౌర్ణమికి గానీ చక్రం ఆగదుగా. వీళ్లంతా రోజూ ఎలా ఎక్కుతారు?" అన్నాను.

తలుపు దగ్గర నిలబడ్డ యాకూబ్ చెయ్యెత్తాడు. "నడిమి ఇరుసు దగ్గర తిరుగుడు ఉండీ లేనట్టుంటదక్కా. అక్కణ్ణుంచి నిచ్చెన దింపుతా. పౌర్ణమి లోపు అయిపోద్ది."

నమోదు 229

పొద్దున్న పేస్టు యంత్రం పెట్టె చూశాను. దాని మీద యాకూబ్ వలలు ఆరేసుకున్నాడు. పలకకు కొత్త చీటీ అంటించాను: 'కాళ్లు కడిగి, తుడిచి ఎక్కవలెను. అప్పటికీ నమ్మవద్దు.' పిండిరాజు దాని పక్కనే బల్ల మీద ఉంటాడు. ఇకమీదట ఏ యంత్రం వచ్చినా ముందు అతని మీద పరీక్షించాలి. ఉప్పు పుణ్యమా అని బూజు పట్టలేదు.

గైర్హాజరుకు అతనికి రెండు హెచ్చరికలు వచ్చాయి. దాంతో పాటు గని కూలీకి ఇచ్చే రెట్టింపు నెయ్యి కోటా కూడా వచ్చింది. హెచ్చరికలు అతని మెడలో వేశాను. నెయ్యి వంటశాలకు ఇచ్చాను.

మధ్యాహ్నం నిచ్చెన దిగి చక్రంలోకి వెళ్లాను. ఒక్కో మెట్టుకూ ఒళ్లు బరువెక్కింది. అడుగుకు చేరేసరికి మోకాళ్లు మూలిగాయి. డాక్టరుగారు గుమ్మం పక్కన ఆయాసపడుతూ కొబ్బరి తురుముతున్నారు. అత్త కొత్త పొయ్యి ముందు వట్టి పాదాలతో, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. కాళ్లు నొప్పులు పుడుతున్నాయని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అయినా ఇవాళ మొదటి పోపు తనే పెడతానని స్టూలు వద్దంది.

నేను అలవాటుగా గీకుడు కర్ర పట్టుకుని కప్పు వైపు చూస్తూ నిలబడ్డాను.

నూనె కాగింది. అత్త గుప్పెడు ఆవాలు వేసింది. అవి చిటపటలాడి జానెడెత్తు ఎగిరాయి. ఎగిరినవి ఎగిరినట్టే తిరిగి బాణలిలో పడ్డాయి.

అత్త గరిటె పట్టుకునే ఉంది, తిప్పడం మరిచిపోయింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి మా అత్త పోపు మాడ్చింది. ఆ మాడిన పప్పును అందరం మారు వేయించుకుని తిన్నాం.